ఆలస్యం మీ వేళ్ళది కాదు, టీవీది

మీ ప్రశ్నలో మూడు ప్రశ్నలున్నాయి. పన్నెండేళ్ళ అబ్బాయి కళ్ళకు తగిలించుకుని ఆడే వీఆర్ (వర్చువల్ రియాలిటీ) హెడ్‌సెట్ కోసం పట్టుబట్టాడు, కొనాలా వద్దా అన్నది ఒకటి. మీరు చిన్నప్పుడు ఆడిన మారియో, కాంట్రా ఆటలను ఇప్పుడు హాల్లోని పెద్ద టీవీకి తగిలించి ఆడితే మొదటి గోతిలోనే పడుతున్నారు, నలభై దాటగానే వేళ్ళు మొద్దుబారాయా అన్నది రెండోది. ఏ ఆటా ఎరగని మీ నాన్నగారిని కూడా వీటి ముందు కూర్చోబెట్టగలమా అన్నది మూడోది. అడిగిన వరసలో కాకుండా రెండో దానితో మొదలుపెడతాను. అది తేలితే మిగతావి సగం తేలినట్టే.

నా గురించి ఒక మాట. తిరుపతిలో టీవీలు బాగుచేసే పనితో మొదలై, తరవాత టీవీ గేములు అద్దెకిచ్చి, ఇప్పుడు రైల్వే స్టేషనుకు దగ్గర్లో చిన్న గదిలో రెండు వీఆర్ హెడ్‌సెట్లు, మూలన ఒక డబ్బా టీవీ పెట్టుకుని ఆటలు ఆడిస్తున్నాను. కొండ దిగివచ్చి రైలు కోసం కాచుకునేవాళ్ళు, కాలేజీ పిల్లలు, ఆ పిల్లలను వెతుక్కుంటూ వచ్చే తల్లిదండ్రులు నా దగ్గరికి వస్తుంటారు. ఆడేవాళ్ళ వేళ్ళను గమనించడం నాకు అలవాటు. మీరు రాసినదాన్ని బట్టి మీ వేళ్ళకు ఏమీ కాలేదు.

మారియో పూర్తి వేగంతో పరుగెత్తేటప్పుడు ఒక్కో ఫ్రేముకు, అంటే తెర మీద మారే ఒక్కో బొమ్మకు, రెండున్నర చుక్కల (పిక్సెళ్ళ) చొప్పున ముందుకు జరుగుతాడు. అసలు ఆట సెకనుకు 60 ఫ్రేముల లెక్కన నడుస్తుంది. ఇప్పటి పెద్ద టీవీలు వచ్చిన బొమ్మను వచ్చినట్టే చూపించవు. దాన్ని ముందు దాచుకుంటాయి, అంచులు సాపు చేస్తాయి, రంగులు దిద్దుతాయి, రెండు ఫ్రేముల మధ్య లేని ఫ్రేమును కల్పించి ఇరికిస్తాయి. సినిమా చూసేవాడికి ఇదంతా సేవ, ఆడేవాడికి ద్రోహం. ఈ అలంకారానికి చాలా టీవీల్లో 50 నుంచి 100 మిల్లీసెకన్లు పడుతుంది, కొన్నిట్లో అంతకన్నా ఎక్కువే. 100 మిల్లీసెకన్లంటే ఆరు ఫ్రేములు. ఆ ఆరు ఫ్రేముల్లో మారియో పదిహేను చుక్కలు జరిగిపోతాడు. ఆ ఆటలో ఒక ఇటుక వెడల్పు పదహారు చుక్కలు. అంటే గోతి అంచు మీ కంటబడి మీరు బటను నొక్కేసరికి, యంత్రం లెక్కలో మారియో అప్పటికే ఇంచుమించు ఒక ఇటుక ముందున్నాడు. మీరు ఎగరాల్సిన చోటే ఎగిరారు. కాకపోతే మీరు చూసినది గడిచిపోయిన చోటు.

మన చిన్నప్పటి డబ్బా టీవీకి దాచుకోవడం అనే విద్యే రాదు. యంత్రం ఒక గీత పంపితే పిక్చర్ ట్యూబులోని ఎలక్ట్రాన్ పుంజం ఆ గీతను అప్పటికప్పుడు గాజు మీద గీస్తుంది. బటను నొక్కిన చేతికీ, ఎగిరిన బొమ్మకూ మధ్య ఎవరూ అడ్డు కూర్చోరు. చిన్నప్పుడు మీరు ఆనందం అనుకున్నదానిలో చాలా భాగం ఇదేనని నా అభిప్రాయం. చెయ్యి అనుకున్నది కన్ను వెంటనే చూడటం. కథ, సంగీతం, రంగులు అన్నీ దాని తరవాతే.

మీకు ఇంకో అనుమానం కూడా ఉండి ఉంటుంది, ఆట అప్పటికంటే తొందరగా పరుగెడుతోందని. అది కూడా భ్రమ కాకపోవచ్చు. మన దేశపు టీవీలు పాల్ (PAL) అనే ప్రసార పద్ధతివి, సెకనుకు 50 లెక్కన నడిచేవి. ఇక్కడ అమ్మిన చాలా యంత్రాలు దానికి తగ్గట్టే తయారయ్యాయి. అందువల్ల మన ఇళ్ళలో మారియో జపాన్‌లో కంటే నెమ్మదిగా పరుగెత్తాడు. ఇప్పుడు మీరు ఆడుతున్నది 60 లెక్కన నడుస్తుంటే, అదే ఆట మీ జ్ఞాపకంలో ఉన్నదాని కంటే అయిదో వంతు వేగంగా వస్తుంది. దానికి టీవీ ఆలస్యం తోడైంది. ఇన్ని అడ్డంకుల మధ్య మొదటి గోతి దాకా వెళ్ళారంటే మెచ్చుకోవలసిందే.

ఈ ఆలస్యం సంగతి కళ్ళారా చూడాలంటే బాతుల ఆటను మించినది లేదు. డక్ హంట్, 1984. ప్లాస్టిక్ తుపాకీ నుంచి తెర మీదికి ఏదో కిరణం వెళుతుందని అప్పట్లో అందరం అనుకునేవాళ్ళం. నిజానికి అది పూర్తిగా తిరగబడ్డ వ్యవహారం. తుపాకీ గొట్టంలో ఉన్నది వెలుగును పసిగట్టే కన్ను. మీరు ట్రిగ్గర్ నొక్కగానే తెర ఒక్క ఫ్రేము పాటు నల్లగా మారుతుంది, మరుక్షణం బాతు ఉన్న చోట తెల్లటి చదరం వెలుగుతుంది. ఆ తెలుపు తుపాకీ కంటికి ఆనితే బాతు చచ్చినట్టు. రెండు బాతులుంటే రెండు చదరాలు ఒకదాని తరవాత ఒకటి వెలుగుతాయి, వెలుగు ఎప్పుడు ఆనిందన్న దాన్ని బట్టి ఏ బాతో తేలుతుంది. గదిలోని బల్బు వైపు గురిపెట్టి గెలుద్దామనుకునే తెలివైన పిల్లలను పట్టుకోవడానికే ముందు ఆ నల్ల తెర: నల్లగా ఉండాల్సిన క్షణంలో కూడా వెలుగు కనిపిస్తే దొంగతనం బయటపడినట్టే. ఇదంతా రెప్పపాటులో జరగాలి. ఇప్పటి టీవీలో ఆ తెల్ల చదరం ఆలస్యంగా వస్తుంది, యంత్రమేమో అప్పటికే చూసి, లేదనుకుని ముందుకు వెళ్ళిపోతుంది. అందుకే అటక మీది తుపాకీని ఎంత శుభ్రం చేసినా కొత్త టీవీ మీద బాతు చావదు. తుపాకీ చెడిపోయిందని బాగుచేయించడానికి తెచ్చేవాళ్ళు ఇప్పటికీ ఉన్నారు. డబ్బు తీసుకోకుండా మూలనున్న డబ్బా టీవీ మీద కాల్పించి పంపిస్తాను.

ఇప్పుడు మీరు చేయాల్సింది. టీవీ సెట్టింగుల్లో గేమ్ మోడ్ అని ఉంటుంది, అది పెట్టండి. కదలికలను నునుపు చేసేవి, మచ్చలు తుడిచేవి ఏవున్నా ఆపేయండి. గేమ్ మోడ్‌లో మంచి టీవీలు 10, 20 మిల్లీసెకన్లకు దిగిపోతాయి, అంత తక్కువైతే మీ వేళ్ళు రెండు రోజుల్లో సర్దుకుంటాయి. ఎరుపు, పసుపు, తెలుపు తీగలను హెచ్‌డీఎంఐకి మార్చే చవక డబ్బీ వాడుతున్నారేమో చూడండి. చాలా డబ్బీలు పాత యంత్రం పంపే బొమ్మను మామూలు టీవీ ప్రసారం అనుకుని సగం సగం గీతలను కుట్టబోతాయి, దానితో బొమ్మ మసకబారుతుంది, ఆలస్యమూ పెరుగుతుంది. ఆట ఆడే రిమోటు కూడా తీగ లేనిదాని కంటే తీగ ఉన్నది మేలు. ఫోను తెర మీద మారియో ఆడే ప్రయత్నం మాత్రం వద్దు. గాజు మీద బటనుకు అంచు ఉండదు, బొటనవేలికి తానెక్కడున్నదీ తెలియదు, కన్ను దిగి చూడాల్సి వస్తుంది. ఆ చూపులోనే ప్రాణం పోతుంది.

ఇంట్లో పాత యంత్రమే ఉందన్నారు కాబట్టి మరో రెండు జాగ్రత్తలు. క్యాసెట్టు ఆడకపోతే నోటితో ఊదడం మన తరం మంత్రం. ఊదినందువల్ల కాదు, తీసి మళ్ళీ పెట్టినందువల్ల అది పనిచేసేది. ఊపిరిలోని తడి ఆ రాగి పళ్ళకు చిలుము పట్టిస్తుంది. ఐసోప్రొపైల్ ఆల్కహాలులో తడిపిన చెవిపుల్లతో తుడిచి, పూర్తిగా ఆరాక పెట్టండి. అడాప్టరు పోయి వేరేది వాడేటట్టయితే ఓల్టులు ఒక్కటే చూస్తే చాలదు, మధ్య సూది ప్లస్సా మైనస్సా అని యంత్రం మీద గుర్తు ఉంటుంది, అది కూడా కలవాలి. డబ్బా టీవీ సంపాదిస్తే దాని వెనక మూత మీరు విప్పకండి. రంగుల పిక్చర్ ట్యూబుకు ఇరవై వేల ఓల్టుల పైమాటే అందుతుంది, ప్లగ్గు తీసేశాక కూడా కొంత అందులో నిలిచి ఉంటుంది. ఇది మాత్రం అనుభవం ఉన్న మెకానిక్కు పని.

పాత ఆటల గురించి ఒక నిజం చెప్పాలి. అన్నీ గొప్పవి కావు. 9999 ఆటలు అని రాసి అమ్మిన క్యాసెట్లలో లెక్కపెడితే పిడికెడు ఆటలే, వాటినే రంగు మార్చి, మొదలయ్యే చోటు మార్చి మళ్ళీ మళ్ళీ వడ్డించేవారు. నాణెం వేసి ఆడే పెద్ద యంత్రాల కోసం పుట్టిన ఆటలైతే మనిషిని రెండు మూడు నిమిషాల్లో చంపి ఇంకో నాణెం వేయించడానికే తయారయ్యాయి. వాటి కష్టాన్ని కళ అనుకుని ఆరాధించేవాళ్ళతో నేను ఏకీభవించను.

అయితే నిలిచినవి ఎందుకు నిలిచాయో చూస్తే ముచ్చటేస్తుంది. 1985 నాటి సూపర్ మారియో బ్రదర్స్ మొత్తం 40 కిలోబైట్లు. ఇవాళ మీ ఫోను తీసే ఒక్క ఫోటో దానికంటే ఎన్నో రెట్లు పెద్దది. చోటు చాలక ఆకాశంలోని మబ్బునే కిందికి దించి ఆకుపచ్చ రంగు వేసి పొదగా వాడుకున్నారు. ఈసారి ఆడేటప్పుడు పోల్చి చూడండి, అబ్బాయికి కూడా చూపించండి. ఇంకా గొప్పది దాని మొదటి తెర. అక్కడ ఎవరూ ఏ నియమమూ చెప్పరు. ఎడమకు వెళ్ళే దారి ఉండదు కాబట్టి కుడికే నడుస్తారు. ఎదురుగా చిరాకు మొహంతో ఒక జీవి వస్తుంది, తగిలితే చస్తారు, కాబట్టి రెండోసారి ఎగురుతారు. ఎగిరినప్పుడు తల ప్రశ్న గుర్తు ఉన్న పెట్టెకు కొట్టుకుంటుంది, పుట్టగొడుగు బయటికొస్తుంది. అది కుడికి జారి, గొట్టానికి కొట్టుకుని తిరిగి మీ మీదికే వస్తుంది. తప్పించుకుందామన్నా పైన ఇటుకలు అడ్డు. తగులుతుంది, మీరు పెద్దవాళ్ళవుతారు. ఒక్క మాట లేకుండా నాలుగు పాఠాలు అయిపోయాయి. అక్షరం రాని పిల్లవాడు కూడా ఆ తెర దాటేవాడు. అందుకే ఇంగ్లీషు రాని ఊళ్ళలో కూడా ఆ జపాన్ ఆట మనదైపోయింది.

లోపమే అందమైన సందర్భాలు కూడా ఉన్నాయి. 1978లో తోమోహిరో నిషికాడో తయారుచేసిన స్పేస్ ఇన్వేడర్స్‌లో, పైనుంచి దిగే శత్రువులు తగ్గేకొద్దీ మిగిలినవి వేగం పుంజుకుంటాయి. మొదట అది ఉద్దేశించినది కాదు. అన్నిటినీ గీయలేక ఆ యంత్రం రొప్పేది, కొన్ని చచ్చిపోతే దాని భారం తగ్గి పరుగందుకునేది. అలాగే ఉంచేశారు. చివరి ఒక్కటీ బాణంలా దూసుకొస్తుంటే పుట్టే ఆ గుండెదడ అప్పటి నుంచి ఎన్ని ఆటల్లోకి పాకిందో చెప్పలేం. 1980 నాటి పాక్‌మ్యాన్‌లో దయ్యాలు నాలుగూ ఒకేలా తరుముతాయనుకుంటాం. కాదు. ఎర్రది నేరుగా వెంటబడుతుంది, గులాబీది మీరు వెళుతున్న దిక్కులో నాలుగు గడుల ముందు కాపు కాస్తుంది, నీలంది ఎర్రది ఎక్కడుందో చూసుకుని తన దారి లెక్కేస్తుంది, నారింజది దగ్గరికి వచ్చి తీరా వచ్చాక తన మూలకు పారిపోతుంది. నాలుగు స్వభావాలు. ఇది తెలిశాక ఆ ఆట మళ్ళీ కొత్తగా మొదలవుతుంది.

కాంట్రా సంగతి వేరు. దాన్ని ఒంటరిగా ఆడి రుచి పోయిందని రాశారు. అది ఒంటరిగా ఆడే ఆటే కాదు. ఇద్దరు పక్కపక్కన కూర్చుని, ఒకరు పైకి ఎక్కడానికి తొందరపడితే తెర పైకి జరిగి కింద ఉన్నవాడు చచ్చిపోయే ఆట. ఆ పోట్లాటే దాని ప్రాణం. పైకి పైకి కిందికి కిందికి ఎడమ కుడి ఎడమ కుడి, బీ, ఏ అని నొక్కితే ముప్ఫై ప్రాణాలు వచ్చే కిటుకు మీకు గుర్తుండే ఉంటుంది. దాన్ని మొదట పెట్టినది 1986లో, గ్రాడియస్ అనే మరో ఆటలో. ఆ గ్రాడియస్‌ను ఇంటి యంత్రానికి తెచ్చిన కజుహిసా హాషిమోటోకు, పరీక్షించడానికి ఆడుతుంటే తన ఆటే తనకు కొరుకుడుపడక పెట్టుకున్న దొడ్డిదారి అది. తయారుచేసినవాడే గెలవలేకపోయాడంటే మన ఓటములకు సిగ్గుపడక్కరలేదు. అబ్బాయి చేతికి రెండో రిమోటు ఇచ్చి ఆ ముప్ఫై ప్రాణాలతో మొదలుపెట్టండి.

ఇక వీఆర్. ఇక్కడ కూడా పై లెక్కే, మరింత కఠినంగా. టీవీలో ఆలస్యమైతే మారియో చస్తాడు, హెడ్‌సెట్‌లో ఆలస్యమైతే మీ కడుపులో తిప్పుతుంది. మీరు తల తిప్పినప్పుడు కళ్ళ ముందు లోకం కూడా అదే క్షణంలో తిరగాలి. తల కదిలిన క్షణానికీ బొమ్మ మారిన క్షణానికీ మధ్య 20 మిల్లీసెకన్లు మించకూడదని ఈ రంగంలో అందరూ పెట్టుకున్న గీత. అమెరికా కంప్యూటరు శాస్త్రవేత్త ఐవన్ సదర్‌లాండ్ 1968లోనే తలకు తగిలించే తెరను చూపించాడు, తల ఎటు తిరిగిందో కొలిచే దాని చెయ్యి పైకప్పు నుంచి వేలాడేది. మారియోను తయారుచేసిన నింటెండో కంపెనీ 1995లో వర్చువల్ బాయ్ అని అంతా ఎరుపు రంగులో కనిపించే పరికరం తెచ్చి ఏడాది తిరగకుండానే చేతులెత్తేసింది. 2012లో ఆక్యులస్ రిఫ్ట్ అనే హెడ్‌సెట్ కోసం జనం దగ్గర చందాలు పోగుచేసినప్పటి నుంచి కథ మారింది. ఫోన్ల పుణ్యమా అని చిన్న తెరలూ, కదలికను పసిగట్టే చిప్పులూ చవకయ్యాయి, ఆ 20 గీత కిందికి దిగడం కుదిరింది.

అందుకే, ఫోను దూర్చి చూసే ప్లాస్టిక్ పెట్టెను కొని వీఆర్ చూశామనుకోవద్దు. అబ్బాయికి అలాంటిది కొనిచ్చి సరిపెడదామా అని మీరు అడిగారు. వద్దు. ఆ పెట్టెలకు మీరు తల తిప్పడం తెలుస్తుంది, ముందుకు వంగడం, పక్కకు జరగడం తెలియదు. మీరు వంగుతారు, లోకం వంగదు. తల తిరుగుడు అక్కడే మొదలవుతుంది. సరైన హెడ్‌సెట్‌కు బయటివైపు కెమెరాలుంటాయి, అవి గదిని చూస్తూ మీరు ఎటు ఎంత కదిలారో లెక్కేస్తుంటాయి. బజార్లో కుర్చీని ఊపుతూ రోలర్ కోస్టర్ చూపించేవాళ్ళను చూసి కూడా వీఆర్ మీద ఒక అభిప్రాయానికి రావద్దు. మీ చేతిలో ఏమీ లేకుండా మిమ్మల్ని విసిరేసేది ఆట కాదు, పరీక్ష. నా గదిలో దాన్ని పెట్టను, ఎంతమంది అడిగినా సరే.

మంచి హెడ్‌సెట్ పెట్టుకున్నవాళ్ళు మొట్టమొదట చేసేది ఒకటే: తమ చేతులు చూసుకుంటారు. అవి తమ చేతులు కావు, గాజువో లోహానివో. వేళ్ళు ముడుస్తారు, అవి ముడుచుకుంటాయి. రెండు క్షణాల్లో అవి తమవైపోతాయి. మన తిరుపతి గంగమ్మ జాతరలో బండవేషం కట్టిన మనిషి గుర్తున్నాడా, మామూలు రోజుల్లో నోరు విప్పనివాడు కూడా ఒంటికి రంగు పడగానే ఎంత మాటైనా అనేస్తాడే, అలాంటి మార్పే ఇది. బీట్ సేబర్ అనే ఆటలో చేతుల్లో వెలుగు కత్తులు రాగానే గంభీరమైన బ్యాంకు ఉద్యోగులు కూడా మోకాళ్ళు వంచి ఊగుతూ పాటకు తగ్గట్టు పెట్టెలు నరుకుతారు. సూపర్‌హాట్ వీఆర్‌లో మీరు కదిలితేనే కాలం కదులుతుంది. మీరు ఆగితే గాలిలో గుండు కూడా ఆగుతుంది, తల పక్కకు వంచి దాన్ని వెళ్ళనివ్వాలి. ఆ క్షణంలో ఒళ్ళంతా బటను అయిపోతుంది. ఏ తెరా ఇవ్వలేని ఆనందం ఇది. మారియో ఆడేటప్పుడు మీకు తెలియకుండానే రిమోటును కూడా మీతో పాటు పైకి ఎగరేసేవారు కదా, ఇప్పుడు ఆ ఎగరేయడం లెక్కలోకి వస్తుంది, అంతే తేడా.

కడుపులో తిప్పడం గురించి భయపడ్డారు. కారణం తెలిస్తే భయం పోతుంది. కళ్ళు నడుస్తున్నామంటాయి, చెవి లోపల నిలకడను చూసుకునే భాగం కూర్చునే ఉన్నామంటుంది. ఆ తగువే వికారం. మీరు నిలబడ్డ చోటే జరిగే ఆటల్లో తగువు లేదు: బీట్ సేబర్, సూపర్‌హాట్, టెట్రిస్ ఎఫెక్ట్ ఈ కోవలోవి. మీటతో నడిపించే ఆటలు రెండో వారానికి వాయిదా వేయండి. అందులోనూ గబుక్కున ఒక చోటి నుంచి ఇంకో చోటికి మాయమై తేలే పద్ధతి ఉంటే దాన్నే ఎంచుకోండి. ఎదురుగా ఒక టేబుల్ ఫ్యాను పెట్టుకుంటే చెమటా తగ్గుతుంది, గాలి ఎటు నుంచి తగులుతుందో దాన్ని బట్టి గదిలో మీరు ఎటు తిరిగి ఉన్నారో ఒంటికి తెలుస్తుంది. నుదుట చెమట, నోట్లో నీళ్ళు ఊరడం మొదలైందంటే ఆ క్షణమే తీసేయాలి. ఓర్చుకుంటే అలవాటవుతుందని అబ్బాయి స్నేహితులు చెబుతారు. ఓర్చుకుంటే మెదడు హెడ్‌సెట్‌నే వాంతితో ముడిపెట్టుకుంటుంది, తరవాత చూస్తేనే తిప్పుతుంది.

మన ఊరికి సంబంధించినవి కొన్ని. ఇళ్ళలో సీలింగు ఫ్యాన్లు కిందికి ఉంటాయి, కత్తులు పైకెత్తే ఆటలో చెయ్యి నేరుగా వాటిలోకి వెళుతుంది. ఆడేటప్పుడు పై ఫ్యాను ఆపేయండి. రెండు మీటర్లకు రెండు మీటర్లు ఖాళీ నేల కావాలి, టీపాయి పక్కకు లాగండి, మణికట్టు తాడు తప్పకుండా తగిలించుకోండి. గదిలో చీకటి పనికిరాదు, కెమెరాలకు ఏమీ కనబడదు. అంతా తెల్లగోడలే ఉండి ఆనవాళ్ళు లేకపోయినా అవి తడబడతాయి, ఒక క్యాలెండరు, రెండు పటాలు తగిలిస్తే సరిపోతుంది. అన్నిటికంటే ముఖ్యం ఎండ. హెడ్‌సెట్ కటకాలు లోపలి తెరను పెద్దది చేసి చూపించే భూతద్దాలు. కిటికీ దగ్గర వాటిని పైకి చూసేలా పెడితే సూర్యుణ్ణి అదే తెర మీద కేంద్రీకరిస్తాయి. మన ఎండకు నిమిషాలు చాలు, చెరగని మచ్చ పడుతుంది. దానికి మరమ్మతు లేదు. ఆడటం అయిపోగానే పెట్టెలో పెట్టి మూయడం అబ్బాయికి మొదటి రోజే నేర్పండి. ఇంకొకటి, నవ్వుకోకండి: గుండు చేయించుకుని చందనం పూసుకుని వచ్చినవాళ్ళకు హెడ్‌సెట్ పెడితే పట్టీ జారుతుంది, మెత్త నిండా చందనం ఇంకుతుంది. కడుక్కునే సిలికాన్ తొడుగు వేశాక నాకు ప్రాణం తెరిపిన పడింది. కుటుంబంలో నలుగురు వాడేదైతే మీరూ అదే వేయండి, చెమటకు కూడా మంచిది.

కొనడం మాట. ముందు గేమ్ మోడ్ పెట్టండి, దానికి ఖర్చు లేదు. ఒక నెల అబ్బాయితో కాంట్రా ఆడండి. అబ్బాయికి వీఆర్‌ను ఎక్కడైనా అరగంట నిజంగా ఆడించి చూడండి. కొందరు పిల్లలకు మూడో రోజుకే మోజు తీరుతుంది, ఆ సంగతి కొనకముందే తెలియడం మంచిది. తరవాత కూడా అడుగుతుంటే కంప్యూటరు అవసరం లేకుండా తనంతట తానే నడిచే హెడ్‌సెట్ చాలు. మెటా వాళ్ళు తమ హెడ్‌సెట్ క్వెస్ట్‌కు పదేళ్ళు, సోనీ వాళ్ళు తమ ప్లేస్టేషన్ వీఆర్2కు పన్నెండేళ్ళు కనీస వయసుగా చెబుతున్నారు. రెండోది తీగతో ప్లేస్టేషన్ 5కు తగిలించాలి, అది ఇంట్లో లేకపోతే ఆ ఆలోచన మానేయండి. కొనేముందు రెండు కళ్ళ మధ్య దూరానికి తగ్గట్టు కటకాలను సరిచేసుకునే ఏర్పాటు చూడండి. క్వెస్ట్ 3లో 58 నుంచి 71 మిల్లీమీటర్ల దాకా చక్రం తిప్పుకోవచ్చు, క్వెస్ట్ 3ఎస్‌లో మూడు మెట్లే ఉంటాయి. ఇంటిల్లిపాదీ వాడేదైతే ఈ తేడా ముఖ్యం, ఎందుకంటే పిల్లవాడి కళ్ళకూ మీ కళ్ళకూ దూరం ఒకటి కాదు, అది కుదరకపోతే తలనొప్పి ఖాయం. రిచీ స్ట్రీటులోనో, బర్మా బజారులోనో చవకగా వస్తుందని సప్తగిరి రైలు ఎక్కి చెన్నై వెళ్ళి తెచ్చుకునేవాళ్ళు మన ఊళ్ళో చాలామంది. వెళ్ళండి, కానీ వారంటీ మన దేశంలో ఎవరు చూస్తారో బిల్లు మీద రాయించుకోకుండా డబ్బు ఇవ్వకండి. పాత యజమాని ఖాతా అందులో ఉండిపోయిన వాడిన హెడ్‌సెట్ అయితే ముట్టుకోకండి. హెడ్‌సెట్‌లోని ఆటల దుకాణంలో డబ్బు కట్టే దారికి తాళం వేసి, ఆ తాళం అంకె మీ దగ్గరే ఉంచుకోండి.

మీ నాన్నగారి సంగతి. ఆయనకు బీపీ తప్ప ఇంకేమీ లేదన్నారు. గుండెకు పేస్‌మేకర్ లాంటిది ఉంటే మాత్రం డాక్టరును అడగకుండా హెడ్‌సెట్ పెట్టవద్దు, తయారీదార్లే ఆ హెచ్చరిక చేస్తున్నారు. ఎలాగూ నేనైతే హెడ్‌సెట్‌తో మొదలుపెట్టను. పెద్దవాళ్ళకు బెదురు పుట్టించేది ఆట కాదు, ఇప్పటి రిమోటు మీద ఉన్న పదహారు బటన్లు. పాత రిమోటులో నాలుగు దిక్కుల మీట, రెండు బటన్లు. దానితో టెట్రిస్ పెట్టండి. 1984లో మాస్కోలో అలెక్సీ పజిత్నోవ్ దాన్ని రాసిన కంప్యూటరుకు బొమ్మలు గీయడమే రాదు, అక్షరాల గుర్తులతోనే ముక్కలు పేర్చాడు. ఏడు ముక్కలు, ఒక గొయ్యి, భాష అక్కరలేదు. నా గదిలో పెద్దవాళ్ళు ఎక్కువసేపు కదలకుండా కూర్చునేది దాని ముందే, మనవలు రైలు వేళ అయిందని పిలుస్తున్నా సరే. ఆయనకు పక్కన కూర్చుని సలహాలు చెప్పకండి, పొడవాటి ముక్క కోసం కాచుకోవడం ఎవరికి వారే నేర్చుకోవాలి. ఆ చెయ్యి కుదిరాక, చేతుల కుర్చీలో కూర్చోబెట్టి హెడ్‌సెట్‌లో టెట్రిస్ ఎఫెక్ట్ చూపించండి. అవే ఏడు ముక్కలు, ఈసారి చుట్టూ నీళ్ళు, చేపలు, నక్షత్రాలు. తెలిసిన ఆట కాబట్టి బెదురు ఉండదు. కళ్ళజోడు తీయనక్కరలేదు, కానీ అద్దాలు కటకాలకు రాసుకోకుండా మధ్యలో పెట్టే ముక్క ఒకటి ఉంటుంది, అది వేయండి. మొదటిసారి పది నిమిషాలు చాలు, తీశాక వెంటనే లేవనివ్వకండి.

మీ టీవీ మోడలు పేరు, యంత్రం అడాప్టరు మీద రాసి ఉన్న ఓల్టులు ఇక్కడ రాయండి. గేమ్ మోడ్ ఏ మెనూలో దాక్కుందో చెబుతాను. కొన్ని టీవీల్లో ఆ హెచ్‌డీఎంఐ దారికి పేరు మారిస్తే తప్ప అది కనబడదు.